క్రెటాయా? సెల్టోసా?

ఒకప్పుడు మన పెద్దవాళ్లకు కారు కొనడంలో డబ్బును గురించి చింత వుండేది గాని, ఏ కారు కొనాలనే చింత లేదు. చెప్పుకోదగ్గవి రెండే. అంబాసిడరు ఒకటి, ఫియటు ఒకటి. ఇంటినిండా జనం వున్నవారు అంబాసిడరు కొనేవారు, పొందికైన సంసారం గలవారు ఫియటు కొనేవారు. అంతటితో చర్చ ముగిసేది. తర్వాత చేయవలసిందల్లా డబ్బు కట్టి, బండి వచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురు చూడడమే. ఆ ఫియటు పోయింది. అంబాసిడరు తయారీ కూడా 2014లో ఆగిపోయింది. ఇప్పుడు డబ్బు బ్యాంకువారు ఇస్తామని ఇంటికి వచ్చి కూర్చుంటున్నారు. తేలనిదల్లా ఏ కారు అన్నదే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి - ఈ మూడు వూళ్లూ 2016 అక్టోబరు 11న ఒక్కనాడే జిల్లా కేంద్రాలయినాయి. కార్ల నంబర్లలో కూడా 25 భూపాలపల్లిది, 26 మహబూబాబాద్‌ది, 27 జనగామది. తోబుట్టువుల్లాగ వరసగా కూర్చున్నాయి. జనగామలో నాతోపాటు పాఠాలు చెప్పే మిత్రుడొకరు, మహబూబాబాద్‌లో మా బావ, భూపాలపల్లిలో సింగరేణి వుద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు, ముగ్గురూ ఈ ఏడు కారు కొనాలని సంకల్పించారు. ముగ్గురి నోటా అవే రెండు పేర్లు: హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్. ఎస్.యు.వి. అంటారే, ఎత్తుగా, గుండెలు విరుచుకుని నిలబడ్డట్టుండే బండ్లు, ఆ జాతిలో నడితరగతివి. సాహిత్యం చెప్పుకునేవాళ్లకు అన్నీ తెలుస్తాయని మా చుట్టాలకు ఒక నమ్మకం. అందువల్ల ఆ పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. నేనూ పరీక్ష పేపర్లు దిద్దే శ్రద్ధతోనే రెండు కంపెనీల కరపత్రాలూ చదివాను.

మా బావ మొదటి మాటే బాగా అన్నాడు. "రెండూ ఒక్క తీరుగనే వున్నయి గద, ఎందుకింత పరేషాన్?" అని. ఆయన కన్ను మోసపోలేదు. కొరియా దేశంలో కియా కంపెనీ 1997లో దివాలా తీసింది. మరుసటి ఏడు దాన్ని హ్యుందాయ్ వారు చేజిక్కించుకున్నారు. అప్పటినుంచీ రెండూ ఒక ఇంటి పిల్లలే. ఇంజన్లు వుమ్మడి సొత్తు. మామూలు పెట్రోలు ఇంజను 1497 సి.సి., డీజిలుది 1493 సి.సి.; శక్తి రెండింటిలోనూ దాదాపు ఒకటే. టర్బో పెట్రోలు అని ఇంకొకటి వుంది, 160 గుర్రాల బలం గలది. అది కుర్రకారు ముచ్చట. పాలకుర్తి మలుపుల్లో ఆ గుర్రాలన్నిటికీ పని వుండదు.

క్రెటా 2015లో మన దేశానికి వచ్చింది. మద్రాసు పక్కన శ్రీపెరంబుదూరులో తయారవుతుంది. సెల్టోస్ 2019 ఆగస్టులో వచ్చింది. అది పుట్టింది మన తెలుగునేల మీదనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న పెనుకొండ ఇప్పుడు కార్లకు రాజధాని అయింది. పేర్లు మాత్రం రెండింటివీ గ్రీకు దేశపువి. క్రెటా అన్నది ఒక ద్వీపం పేరు నుంచి వచ్చింది. సెల్టోస్ హెర్క్యులిస్ వీరుడి కొడుకు పేరు మీదుగా వచ్చిందని కంపెనీవారే చెప్పుకున్నారు. కొరియా తల్లిదండ్రులు, గ్రీకు పేర్లు, ఒకదానికి తమిళ పుట్టిల్లు, మరొకదానికి తెలుగు పుట్టిల్లు. ఈ వంశావళి చెబితే మా మిత్రుడు నవ్వి, "ఇదంతా ప్రబంధంలో పనికొస్తుంది గాని, మా సందులో పడుతుందా లేదా చెప్పండి" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. నిన్నమొన్నటిదాకా కొలతల్లో తేడా పెద్దగా వుండేది కాదు. 2025 డిసెంబరులో సెల్టోస్ కొత్త రూపు బయటపెట్టారు, అక్కడ తేడా వచ్చింది. క్రెటా పొడవు 4330 మిల్లీమీటర్లు, కొత్త సెల్టోస్ పొడవు 4460. అంటే అరజానెడుకు కాస్త ఎక్కువ. వెడల్పులో నాలుగు సెంటీమీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరంలో ఎనిమిది సెంటీమీటర్లు సెల్టోసే పెద్దది. ఈ ఎనిమిది సెంటీమీటర్లు కాగితం మీద ఏమీ కాదు. భూపాలపల్లి నుంచి హైదరాబాదు దాకా 210 కిలోమీటర్లు వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చునే ఆరడుగుల పిల్లవాడిని అడగండి, చెబుతాడు. అదే జనగామ పాతబస్తీలో ఇల్లు వుండి, గేటు ముందు ఎదురింటివారి అరుగు వుంటే, అక్కరకొచ్చేది క్రెటాకు తక్కువైన ఆ అరజానెడే. మా మిత్రుడు టేపు పట్టుకుని తన గేటు కొలిచారు. కొలిచిన తర్వాత సెల్టోస్ మాట ఎత్తలేదు.

ఇక ధర. 2026 మొదట్లో రెండింటి షోరూము ధరలూ పదకొండు లక్షలకు కాస్త ఇటుగా మొదలై, హంగులు పెరిగినకొద్దీ ఇరవై లక్షల దాకా ఎగబాకాయి. షోరూము ధర అంటే పెళ్లి ఖర్చులో కన్యాశుల్కం వంటిది, అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. లైఫ్ టాక్సు వుంది, బీమా వుంది. కారు ధర పది లక్షలు దాటితే తెలంగాణలో లైఫ్ టాక్సు శాతమూ పెరుగుతుంది. అదే మనిషి పేరున ముందే ఒక కారు వుంటే మరికొంత అదనం. జి.ఎస్.టి. మాత్రం కొంచెం దిగివచ్చింది. సెస్సుతో కలిపి ఈ బండ్ల మీద 45 శాతం వుండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది. అయితే పొడవు నాలుగు మీటర్లు దాటని చిన్న ఇంజను కార్లకు అదే రోజున 18 శాతానికి తగ్గించారు. ఈ నాలుగు మీటర్ల గీత సంగతి షోరూములో ఎవరూ తమంత తాము చెప్పరు. గీతకు అటు 18, ఇటు 40. ఆ జానెడు, రెండు జానల ఇనుముకు మనం ఎంత చెల్లిస్తున్నామో కొనేవాళ్లు ఒకసారి తలుచుకోవడం మంచిది.

అన్నింటికన్నా ఎక్కువ వాదం జరిగేది పెట్రోలా, డీజిలా అన్న చోట. ఇక్కడ వాదం అనవసరం, కూడికలు తీసివేతలు వస్తే చాలు. ఒకే హంగులున్న బండిలో డీజిలుది పెట్రోలుకన్నా సుమారు లక్షన్నర ఎక్కువ అనుకుందాం. కంపెనీవారు క్రెటా పెట్రోలు లీటరుకు 17 కిలోమీటర్లు, డీజిలు 21 పైగా ఇస్తుందని రాశారు. అవి ప్రయోగశాలలో వచ్చిన లెక్కలు; మన రోడ్ల మీద 13, 17 వేసుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిలు 96 అనుకుంటే, కిలోమీటరుకు పెట్రోలు బండికి దాదాపు ఎనిమిది రూపాయల పావలా, డీజిలు బండికి ఐదు రూపాయల అరవై అయిదు పైసలు. కిలోమీటరుకు రెండున్నర పైచిలుకు మిగులు. ముందుగా పోసిన లక్షన్నర తిరిగి రావాలంటే సుమారు 58 వేల కిలోమీటర్లు తిరగాలి.

మా అన్న పిల్లలిద్దరూ హైదరాబాదులో చదువుతున్నారు. వారం వారం పోయి వస్తాడు. నెలకు రెండు వేల కిలోమీటర్లు ఎటూ తప్పదు. రెండున్నరేళ్లలో ఆ డబ్బు చేతికి వచ్చేస్తుంది, ఆపైన అంతా లాభమే. జనగామ మిత్రుడు నెలకు రెండుసార్లు హైదరాబాదు పోతారు, ఎనభై అయిదు కిలోమీటర్లే. వూళ్లో తిరుగుడుతో కలిపి నెలకు ఆరువందల యాభై దాటదు. ఆయనకు డీజిలు డబ్బు తిరిగి రావడానికి ఏడేళ్లు పైన పడుతుంది. ఏడేళ్లకు కారు మీద మోజే వుండదు.

మా బావ సంగతి వేరే. ఇంటినుంచి బడికి ఆరు కిలోమీటర్లు, బడినుంచి ఇంటికి ఆరు కిలోమీటర్లు, మధ్యలో కూరగాయలు. అయినా ఆయనకు డీజిలే కావాలి. "మా పటేలు జీపు డీజిలే గద బావా, ఇరవయ్యేండ్లు నడిచింది" అంటాడు. ఆ జీపు కాలం వేరు. ఇప్పటి డీజిలు కార్లలో పొగగొట్టంలో ఒక జల్లెడ పెడుతున్నారు. మసి అందులో చిక్కుకుంటుంది. బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పోతే గొట్టం బాగా వేడెక్కి ఆ మసి తనంత తానే కాలిపోతుంది. ఆరు కిలోమీటర్లకు ఇంజను వేడెక్కేలోపలే బడి వస్తుంది. మసి పేరుకుంటుంది, దీపం వెలుగుతుంది, మెకానిక్కు దగ్గరికి పరుగు. వూళ్లోనే తిరిగేవారికి డీజిలు కారు కొనిపెట్టడం, రోజూ గుడిదాకా నడిచే ముసలాయనకు పరుగుపందెం గుర్రాన్ని కట్టిపెట్టినట్టే.

లోపలి హంగుల మాట ఎంత చెప్పినా తక్కువే, కాబట్టి కొద్దిగానే చెబుతాను. పైకప్పు అద్దం తెరుచుకుంటుంది. మే నెలలో మహబూబాబాద్‌లో ఆ అద్దం తెరిచేవాడు ఎవడో నాకు చూడాలనివుంది. పిల్లలకు మాత్రం అదంటే ప్రాణం. అమ్మేవారికీ ఆ సంగతి తెలుసు. గాలి చల్లగా వచ్చే సీట్లు బాగానే వున్నాయి. రాడారూ కెమెరా పెట్టి, ముందు ఏదైనా అడ్డం వస్తే తనే బ్రేకు వేసే ఏర్పాటు రెండింటిలోనూ పై రకాలకు వుంది. జాతీయ రహదారి మీద, తెల్లగీతలు శుభ్రంగా వున్న చోట అది అక్కరకొస్తుంది. తొర్రూరు దాటి లోపలి రోడ్లకు మళ్లితే గీతలే వుండవు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి వుంటాయి. రాత్రికి కుప్పచేసి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి పోతారు. రైతుకు మరో కల్లం లేదు, ఆయనను తిట్టి లాభం లేదు. ఆ నల్లకుప్ప దూరంనుంచే కనిపించాలంటే కావలసింది మంచి హెడ్‌లైట్లు. ఏ రకానికి ఏ లైట్లు ఇస్తున్నారో, చీకటిపడ్డాక ఒకసారి నడిపి చూడనిదే తెలియదు. షోరూమువారు పగలే రమ్మంటారు. మీరు సాయంత్రం ఏడింటికి వస్తామనండి.

ప్రాణానికి సంబంధించిన మరో మాట, గుద్దించి చూసే పరీక్షల గురించి. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థవారు 2020లో సెల్టోస్‌ను, 2022లో క్రెటాను గోడకు గుద్దించి చూశారు. పెద్దల రక్షణకు అయిదింటికి మూడేసి నక్షత్రాలే ఇచ్చారు. ఎదురుదెబ్బకు బండి చట్రం నిలకడగా లేదన్నారు. అవి పాత రూపులు, రెండే ఎయిర్‌బ్యాగులున్న తక్కువ రకాలు. ఇప్పుడు రెండు కంపెనీలూ అన్ని రకాల్లోనూ ఆరేసి ఎయిర్‌బ్యాగులు పెడుతున్నాయి. మన ప్రభుత్వం కూడా భారత్ ఎన్‌క్యాప్ పేరున 2023 అక్టోబరునుంచి ఈ పరీక్షలు మొదలుపెట్టింది. కనుక "దీనికి అయిదు నక్షత్రాలండీ" అని ఎవరైనా చెబితే, ఏ సంవత్సరం బండికి, ఎవరు ఇచ్చారు అని అడగాలి. వెనక సీట్లో కూర్చున్నవారు బెల్టు పెట్టుకోకపోతే ఎన్ని నక్షత్రాలున్నా వాటి వెలుగు వారిమీద పడదు.

ఇంతవరకూ చెప్పినదంతా డబ్బూ సౌకర్యమూ. అసలు ఈ బండ్లంటే మనవాళ్లకు ఇంత మోజు ఎందుకో కూడా చెప్పాలి. ఎత్తు. "వాగు వచ్చినా దాటిపోవచ్చు గద!" - ఈ మాట మా అన్నా అన్నాడు, మా బావా అన్నాడు, షోరూములో అమ్మే కుర్రవాడు కూడా అన్నాడు. నాకు మాత్రం ఆ మాట వింటే గుండె జల్లుమంటుంది.

మన మూడు జిల్లాలూ వాగుల జిల్లాలు. 2023 జులై 27 తెల్లవారకముందే మోరంచవాగు పొంగి, భూపాలపల్లి నుంచి పరకాల వచ్చే రోడ్డుమీది మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాలమీదికీ చెట్లమీదికీ ఎక్కారు. వారిని తీసుకురావడానికి హెలికాప్టరు రావలసి వచ్చింది. ఆ రోడ్డుమీద లారీలు కూడా నీళ్లలో చిక్కుకుపోయాయి. మరుసటి ఏడు, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు ఒక కారును ఎత్తుకుపోయింది. అందులో వున్న తండ్రీ కూతుళ్లిద్దరూ పోయారు. ఆ అమ్మాయి వ్యవసాయ శాస్త్రవేత్త. కూతురిని విమానం ఎక్కించడానికి తండ్రి బయలుదేరాడు. అదే వాన ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలుపట్టాల కింది మట్టినే కోసుకుపోయింది. రైలుకట్టను కోసిన నీటికి కారు ఒక లెక్కా?

మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు నాకు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. క్రెటా అడుగుకూ నేలకూ మధ్య సుమారు 19 సెంటీమీటర్లు. కారు అడుగుభాగం ఆరు చదరపు మీటర్లు వేసుకోండి. నీళ్లు ఆ అడుగుకు పైన పది సెంటీమీటర్లు లేస్తే ఆరువందల కిలోల నీటిని కారు పక్కకు నెట్టినట్టు. అంత బరువునూ నీరు పైకి ఎత్తుతుంది. ఇరవై సెంటీమీటర్లు లేస్తే పన్నెండువందల కిలోలు. కారు బరువే పన్నెండు పధ్నాలుగు వందల కిలోలు. అంటే రోడ్డుమీద నీళ్లు మొత్తం నలభై సెంటీమీటర్లు, మీ మోకాలు కూడా తడవని లోతు. అప్పటికే చక్రాలకు నేలమీద పట్టు వుండదు. నీళ్లు నిలిచివుంటే సరే, పారుతుంటే పక్కకు తోసుకుపోతుంది. తలుపులు బిగుతుగా వున్న కొత్త కారు ఇంకా సులువుగా తేలుతుంది. సెల్టోస్ అయినా అంతే. పైగా మన దేశంలో అమ్మే ఈ రెండు బండ్లకూ ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. నాలుగు చక్రాల బండి కాదు. చూపులకు జీపు, నడకకు కారు.

నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకూడదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇంజను లోపలికి నీరు పోయాక తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు బీమా ఆ నష్టం ఇవ్వదు, ఇంజను రక్షణ అని విడిగా రాయించుకోవాలి. భూపాలపల్లి వారికీ, మహబూబాబాద్ వారికీ అద్దాల కప్పుకన్నా ఆ చిన్న కాగితం ముఖ్యం.

మరమ్మతు సంగతి చూస్తే, మూడు వూళ్లకూ పెద్ద దిక్కు హనుమకొండ, వరంగల్లే. జనగామకు యాభై అయిదు కిలోమీటర్లు, మిగతా రెండు వూళ్లకు అరవై డెబ్బై. హ్యుందాయ్ వారు పాతికేళ్లకు పైగా వున్నారు, కియా వారు 2019లో వచ్చినవారు. వూరి మెకానిక్కుల చేతికి క్రెటా ఎక్కువ అలవాటు. సెల్టోస్ ఇంజనూ అదే కాబట్టి మరీ బెంగపడనక్కరలేదు గాని, కొత్త రూపుకు బంపరో లైటో పగిలితే ఎన్నాళ్లకు తెప్పిస్తారో ముందే అడగాలి. కొత్త బండి మొదటి ఏడాది చిన్న చిన్న తిప్పలు ఏ కంపెనీకైనా వుంటాయి. తొందర లేనివారు ఆర్నెల్లు ఆగి కొనడం నాకు ఇష్టం. ఇప్పటి క్రెటా రూపు 2024 జనవరినుంచి వున్నదే, దాని గుణదోషాలు ఈపాటికి లోకానికి తెలుసు.

ఇంతా చెప్పాక ముగ్గురూ తలో దారి పట్టారు. జనగామ మిత్రుడు గేటుకు పట్టే క్రెటా, అదీ మామూలు పెట్రోలుది, మధ్యరకం చూసుకున్నారు. మా బావ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మా అక్క ఫోను చేసి, "నాలుగు మీటర్లలోపు బండి ఒకటి చూసినం, అత్తమ్మ కూడ మంచిగ ఎక్కి దిగుతున్నది. మిగిలిన పైసలు పిల్ల ఫీజుకు వుంచుతున్నం" అని చెప్పింది. వెనకనుంచి బావ, "డీజిలు కాదు, పెట్రోలే, వానికి చెప్పు" అంటున్నాడు.

మా అన్న సెల్టోస్ డీజిలుకు మొగ్గాడు. చెల్పూరు కరెంటు ప్లాంటు దగ్గర బొగ్గులారీల వెనక నడిపి చూస్తేగాని కొననని పట్టుబట్టి, షోరూము కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అక్కడిదాకా పోయివచ్చాడట. కొడుకులిద్దరికీ వెనక సీటు నచ్చింది. మా పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుని, కాలు అందుతున్నదని తలవూపింది. ఇక మిగిలింది రంగు. తెలుపైతే బొగ్గుదుమ్ముకు సాయంత్రానికి మాసిపోతుందంటుంది పెద్దమ్మ. నలుపైతే ఎండకు కాలిపోతామంటుంది వదినె. దసరాకు ఇంకా వ్యవధి వుంది.